సన్నబడే కాఫీ

కరోనా గురించి టీవీ ఎంత అరిచినా చలించని మా అత్తగారు కామేశ్వరమ్మగారు, కాఫీ పొడి డబ్బాలో చెంచా అడుక్కి తగిలి చప్పుడైన రోజు మాత్రం మంచం దిగి వంటింట్లోకి వచ్చారు. డబ్బా వంచి చూసి, మళ్ళీ నా చేతికిచ్చి, "ఇక మనం పోయినట్టే అమ్మాయ్" అన్నారు. లాక్‌డౌన్ మొదలై ఎన్నాళ్ళయిందో అప్పటికే మాకు లెక్క తప్పింది. ప్లాంటు ఆపడానికి వీల్లేదని మా ఆయన ఊరి బయట హజీరాలోనే ఉండిపోయారు. నిద్ర గెస్ట్‌హౌస్‌లో, తిండి క్యాంటీన్‌లో. సూరత్ అడాజణ్‌లోని మా ఫ్లాటులో ఇద్దరం ఆడవాళ్ళం మిగిలాం, ఎనభై దాటిన ఆవిడ, యాభై దాటిన నేను. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఆయనో, చుట్టాలో, టీవీనో అడ్డం ఉండేది. మరీ ఇంత ఏకాంతంగా ఒకరికొకరం చిక్కడం అదే మొదలు.

మా ఇంటికి కాఫీ పొడి రాజమండ్రి నుంచి వచ్చేది. అక్కడ తెలిసిన కొట్లో గింజలు వేయించి, అప్పటికప్పుడు మర పట్టించి, ఇటువైపు రైలెక్కే బంధువుల్లో ఎవరో ఒకరి సంచిలో పెట్టేవారు. వాళ్ళు పెళ్ళిచూపులకు వచ్చినా, కిడ్నీలో రాయి చూపించుకోవడానికి వచ్చినా సరే, ముందు పొడి పొట్లం దించి, ఆ తరవాతే కాళ్ళు కడుక్కోవాలి. రైళ్ళు ఆగిపోవడంతో పొడీ ఆగిపోయింది. సూరత్‌లో తిండికి లోటు లేదు. మనిషికి నోరనేది ఒకటుందని ఈ ఊరు పట్టించుకున్నంతగా ఇంకే ఊరూ పట్టించుకోలేదు. కానీ తాజా కాఫీ గింజలు కావాలని ఫోన్ చేస్తే, మా వీధి కిరాణా ఆయన ఇన్‌స్టంట్ పొట్లాల దండ ఒకటి పంపాడు. పెద్ద దుకాణంలో ఫిల్టరు కాఫీ డబ్బా దొరికింది గానీ, మూత తీస్తే పాత అట్టపెట్టె వాసన. దాన్ని ఎప్పుడు వేయించారో, వేయించినవాళ్ళు ఇంకా ఉన్నారో లేదో. ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలంతా ఇన్‌స్టంట్ పొడిని పంచదారతో గిలక్కొట్టి, ఆ నురుగు పాల మీద తేలేసి ఫొటోలు తీసుకునేవారు. పై అంతస్తు భావనాబేన్ ప్రేమగా ఒక గ్లాసు పంపింది. మా అత్తగారు దాన్ని చాలాసేపు పరిశీలించి, ఇది తాగడానికా, గడ్డం గీసుకోవడానికా అని అడిగారు.

ఆఖరికి మమ్మల్ని ఆదుకున్నవాడు మా తమ్ముడు నర్సయ్య. సూరత్‌కి ఆ కొసన పర్వత్ పాటియాలో ఉంటాడు. మగ్గాలు మూతపడ్డాక ఇంట్లో కూర్చోలేక, కూరగాయలు చేరవేసే టెంపోకి పాసు సంపాదించి ఊరంతా తిరిగేవాడు. వాడి చెవిలో నా గోడు వేసిన నాలుగైదు రోజులకు, గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద ఒక సంచి పెట్టి, దూరంగా నిలబడి ఫోన్ చేశాడు.

"అక్కా, కడోదరల ఒక డ్రైఫ్రూట్ సేటు దగ్గర కాఫీ గింజలు దొరికినయ్. కాకపోతే పచ్చియి. గివి సన్నబడేటందుకు తాగుతరంట. పొద్దుగాల పరిగడుపున తాగితే పొట్ట కరుగుతదట. అత్తమ్మకు నడుస్తదా?"

సంచిలోని పొట్లాల మీద నిజంగానే టేపు చుట్టిన నడుము బొమ్మ ఉంది. మా అత్తగారు ఎండు కరివేపాకు రెమ్మలా ఉండేవారు, సన్నబడటానికి ఆవిడ దగ్గర సరుకే లేదు. ఆవిడ ఆ బొమ్మను చూశారు, నన్ను చూశారు. ఒక పచ్చి గింజ తీసి గోటితో గీకి, "గింజ మంచిదే. వేయిద్దాం. సన్నబడే సంగతి నువ్వు చూసుకో" అన్నారు.

పచ్చి గింజలు మళ్ళీ ఇంట్లోకి రావడం చూసి నాకు మాత్రం ఒళ్ళు బిగుసుకుంది. వాటికీ నాకూ పాత పరిచయం ఉంది మరి. నేను మగ్గాల ఇంటి పిల్లని. మా నాన్న సిరిసిల్ల పక్కనున్న ఊరి నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్‌ల మీద పనిచేశాడు. ఒక్క గదిలో అందరం. లేస్తే చాయ్, అలిసిపోతే చాయ్, చుట్టం వస్తే చాయ్, చుట్టం పోయాక ఊపిరి పీల్చుకోవడానికి చాయ్. మా అమ్మ పాలల్లో ఆకు వేసి, అల్లం దంచి వేసి, ఇటుక రంగు వచ్చేదాకా మరిగించేది. కాఫీ అంటే జ్వరం వచ్చినప్పుడు డాక్టరు రాసే వస్తువనుకునేదాన్ని. హజీరాలో ఒక కంపెనీలో టైపిస్టుగా చేరి, అక్కడి ఇంజనీరైన గోదావరి అబ్బాయిని పెళ్ళి చేసుకుని, కాలనీ క్వార్టర్‌లో కాపురం పెట్టాక గానీ, కాఫీ తాగేవాళ్ళనే జాతి ఒకటి వేరుగా ఉంటుందని నాకు తెలియలేదు.

మా అత్తగారు పెళ్ళికి అడ్డు చెప్పలేదు. కులం గురించి ఒక్క మాటా అనలేదు. ఆవిడ చెప్పదలచుకున్నవన్నీ కాఫీ ద్వారానే చెప్పేవారు. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, వరండాలో బొగ్గుల కుంపటి రాజేసి, దాని మీద పిడి తిప్పే ఇనప పీపా ఎక్కించేవారు. అది ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది, నాకంటే ముందు వచ్చింది, నాకంటే ఎక్కువ మర్యాద పొందింది. అందులో పచ్చి గింజలు పోసి మూత బిగించాక, మా ఆయన పీట మీద కూర్చుని పిడి తిప్పేవారు. ఆఫీసులో నలభై మందిని కేకలేసే మనిషి అక్కడ తల్లి చెప్పినంత వేగంతో, తల్లి చెప్పినంత సేపు తిప్పేవారు. ఆవిడ కొంగు నడుముకు దోపి, కళ్ళు మూసుకుని, ముక్కు కొంచెం పైకెత్తి నిలబడేవారు. వరండా పొగతో నిండేది. కాలనీ కుక్కలు కూడా అటువైపు వచ్చేవి కావు. ఉన్నట్టుండి ఆవిడ "దించు" అనేవారు. గింజలు చేటలో పడేవి, నూనె మెరుపుతో, చిటపటలాడుతూ. అప్పుడు నా పని మొదలయ్యేది, ఎగిరిన పొట్టు ఊడవడం.

నేనొకసారి పిడి తిప్పుతానని అడిగాను. "అది చేత్తో తిప్పేది కాదమ్మాయ్, ముక్కుతో తిప్పేది. మీది టీ ఇల్లు. నీకు తెలీదు" అన్నారు. కోపంగా అనలేదు. నేను పొట్టిగా ఉంటానని చెప్పినంత మామూలుగా అన్నారు. నేనూ అంతే మామూలుగా చీపురు తీసుకున్నాను. ఆ తరవాత నెలకో రెండు నెలలకో మా అమ్మ మమ్మల్ని చూడటానికి పర్వత్ పాటియా నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. అది ఆదివారమని ఆమెకేం తెలుసు. పొగలోంచి దగ్గుకుంటూ వరండా ఎక్కి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏంది బిడ్డా, ఏం మాడింది?" అని అడిగింది. పీపా పిడి ఆగిపోయింది. మా అత్తగారు కళ్ళు తెరిచి, మా అమ్మను లోపలికి రమ్మని, మంచి గ్లాసులో కాఫీ ఇచ్చారు. మా అమ్మ చక్కెర మీద చక్కెర వేసుకుని, మర్యాద కోసం చివరి చుక్క దాకా తాగి, బస్‌స్టాపు దగ్గర నాతో మాత్రం "మందు లెక్కుంది" అని చెప్పి బస్సెక్కింది. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు, ఇంటికి ఎవరొచ్చినా మా అత్తగారు ఈ కథ చెప్పేవారు. "ఏం మాడింది" అన్న చోట మా అమ్మ యాస కూడా పట్టేవారు. అందరూ నవ్వేవాళ్ళు. పళ్ళెంలో జంతికలు సర్దుతూ నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే ఇంకా బాగా నవ్వుతారని. మేం ఫ్లాటుకు మారాక కుంపటికి చోటు లేకపోయింది, పీపా ఏ పాత ఇనుపసామాన్లవాడికో వెళ్ళిపోయింది, రాజమండ్రి పొడి మొదలైంది. ఆవిడ బాధపడ్డారు. నాకైతే ఆదివారాలు తిరిగొచ్చాయి.

ఇన్నేళ్ళకు ఇప్పుడు ఆవిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. పీపా లేదు, పిడి తిప్పే కొడుకూ లేడు. ఇనప మూకుడు, గ్యాసు పొయ్యి, అట్లకాడ పట్టుకున్న నేను. వేరే దిక్కు లేక నాకు పదోన్నతి వచ్చింది. గింజలు పచ్చదనం పోయి పసుపయ్యాయి, పసుపు పోయి గోధుమ రంగయ్యాయి, చిటపటలాడాయి. దించనా అని అడిగాను. ఇంకా వాసన రాలేదన్నారు. పొగ లేచింది. నా కళ్ళు మండుతున్నాయి. నల్లబడుతున్నాయని చెప్పాను. "కంటితో చూడకు. వాసన రాలేదంటున్నానా. కలుపు" అన్నారు. కలిపాను. ఎదురు చెప్పే అలవాటు కాఫీ విషయంలో నాకు మొదటినుంచీ లేదు. పొగ కిటికీ దాటి పైకి పోయింది. భావనాబేన్ తన బాల్కనీలోంచి వంగి, "పద్మాబేన్, శుం బళే ఛే?" అని అడిగింది. ఏం మాడుతోందని. మా అమ్మ అడిగిన ప్రశ్నే, గుజరాతీలో.

నాకు కోపం కట్టలు తెంచుకుంది. పొయ్యి ఆపేసి, ముప్పై ఏళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే అందామని వెనక్కి తిరిగాను. ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చి, కాలిన గింజలు గరిటెడు కొంగులోకి వంచుకుని, ముక్కుకు ఆనించుకుని, ఊపిరి లాగుతున్నారు. లాగి, ఆగి, మళ్ళీ లాగుతున్నారు. చీర కాలుతుందన్న ధ్యాస కూడా లేదు. నేను కొంగు లాగి దులిపేశాను.

"ఏమీ రావట్లేదమ్మాయ్" అన్నారు.

ఇంగువ డబ్బా మూత తీసి ముఖం దగ్గర పెట్టాను. ప్రాణమున్నవాడు ఎవడైనా తల తిప్పుకోవాలి. ఆవిడ నా వంక చూస్తూ అలాగే నిలబడ్డారు. అంతవరకూ వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మాటనూ వెక్కిరించినదాన్ని, వాసన పోతే అదేనన్న మాట గుర్తొచ్చి, డాక్టరుకు ఫోన్ చేశాను.

పరీక్షలో ఆవిడకు ఉందన్నారు, నాకు లేదన్నారు. లిఫ్టు మీటలోంచి వచ్చిందో, కూరగాయల్లోంచి వచ్చిందో, ఎవరికి తెలుసు. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. ఆవిడ కూడా రానన్నారు, వాళ్ళిచ్చే కాఫీ ఎలాంటిదో ఊహించగలనన్నారు. ఆ ఛలోక్తి తరవాత చాలా రోజులు ఇంకో ఛలోక్తి రాలేదు. జ్వరం తగ్గినా తిండి మానేశారు. ఏది పెట్టినా తడిపిన కాగితంలా ఉందని పక్కకు తోసేసేవారు. వేలికి పెట్టే చిన్న మీటరులో అంకె రోజురోజుకీ కొంచెం కొంచెం కిందికి జారుతోంది. ఎలాగైనా తినిపించండి, మనిషి ఆశ వదిలేస్తే మందులు పనిచెయ్యవని డాక్టరు ఫోన్‌లో చెప్పాడు. ప్లాంటు లోపలినుంచి మా ఆయన వీడియో కాల్‌లో అమ్మా అమ్మా అని ఏడిచేవారు, ఇక్కడ నేను ఏడవడానికి వీల్లేకుండా. ఆవిడ మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర మాస్కు వేసుకుని నిలబడి, ఇలా అయితే ఎలాగండీ అని బతిమాలాను. "వాసన లేని నోటికి ఏం పెడతావమ్మాయ్, ఊరుకో" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మూకుడు పొయ్యి మీద పెట్టాను. సన్నబడే గింజలు సగం సంచి ఇంకా ఉన్నాయి. ఆవిడ గది వంటింటికి ఆనుకునే ఉంటుంది. తలుపు తెరిచిపెట్టి, మాస్కు తీసేసి, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను: "అత్తయ్యగారూ, వేయిస్తున్నాను. ఇప్పుడు గడ్డి వాసన వస్తోంది."

రెండుసార్లు కలిపాక లోపలినుంచి గొంతు వచ్చింది. "పచ్చి గడ్డా, ఎండు గడ్డా?"

"ఎండుది. వాన జల్లు పడ్డ ఎండు గడ్డి."

"మంట తగ్గించు. ఇప్పుడో?"

"జొన్న రొట్టె పెనం మీద తిరగేసినప్పుడు వచ్చే వాసన." ఆవిడకు జొన్న రొట్టె తెలియదని తట్టింది, కానీ నా ముక్కుకు తెలిసిన వాసనలు నావే కదా. కలుపుతూ పోయాను. రంగు ముదురుతోంది. "ఇప్పుడు గంజి పెట్టిన నూలు ఎండలో ఆరుతున్నట్టుంది" అన్నాను.

"అదెలా ఉంటుందో నాకు తెలీదు. చెప్పు" అన్నారు.

అట్లకాడ ఆపకుండా చెప్పాను. సూరత్ రాకముందు, నాకు బాగా చిన్నతనంలో, మా ఊళ్ళో వీధి పొడుగునా పడుగు దారాలు సాచి కట్టేవాళ్ళు. మా నాన్న ఒక చివర, మా అమ్మ ఒక చివర. గంజి గిన్నె మోసుకుంటూ మా నానమ్మ మధ్యలో. కుంచెతో రాస్తూ పోతుంటే, ఎండకు నూలు బిగిసి, వీధంతా అన్నం ఉడికినట్టూ కొత్త బట్టలు విప్పినట్టూ కలగలిసిన వాసన వచ్చేది. ఆ వాసన వచ్చిందంటే మా ఇంట్లో పని నడుస్తున్నట్టు. మా అమ్మ జుట్టులో కూడా అదే ఉండేది. సూరత్ వచ్చాక మరనూనె వాసన దాన్ని తినేసింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానో నాకే తెలియలేదు, గొంతు మాత్రం ఆగలేదు.

"ఇన్నేళ్ళూ ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదండీ."

మూకుట్లో గింజలు చిటపటమన్నాయి. ఆవిడ విన్నారు. మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టున్నారు.

"ఇప్పుడు నీ ముక్కు ఏమంటోంది?"

"దించమంటోంది."

"అయితే దించు."

ఆ సాయంత్రం అర గ్లాసు కాఫీ తాగారు. చేదుగా ఉన్న వేడినీళ్ళని తేల్చారు గానీ, వదిలిపెట్టలేదు. గ్లాసుతో పాటు నేను పంపిన మెత్తటి అన్నమూ చారూ నాలుగు ముద్దలు తిన్నారు. మర్నాడు మళ్ళీ వేయించమన్నారు. ఇంట్లో ఉన్న పొడి అయిపోలేదంటే, పొడి కోసం కాదన్నారు. అలా రోజూ గుప్పెడు గింజలు మూకుట్లో వేసి, ఆవిడ అడుగుతుంటే నేను చెప్పేదాన్ని. వాసనలు అయిపోయి మనుషుల్లోకి దిగాం. మా నానమ్మ ఎలా ఉండేది, మా అమ్మకు ఎన్నేళ్ళకు పెళ్ళయింది, ఒక్క గదిలో అంతమంది ఎలా పడుకునేవాళ్ళం. మీటరు అంకె నెమ్మదిగా పైకి వచ్చింది. మా అమ్మ పోయి అప్పటికి పదేళ్ళు దాటింది. తన గురించి మా అత్తగారు అన్ని ప్రశ్నలు అడగడం అమ్మ విని ఉంటే, ఏంది బిడ్డా ఈమెకు గిట్లయింది అని భయపడి ఉండేది.

మా అత్తగారు లేచి తిరగసాగారు. వాసన కూడా తిరిగొచ్చింది, కానీ పిచ్చెక్కి వచ్చింది. ఉల్లిపాయ కుళ్ళినట్టు, సబ్బు చేపల్లా. అన్నిటికన్నా అన్యాయం కాఫీది. ఫిల్టరు మూత తీయగానే టైరు కాలుతోందని వంటింట్లోంచి పారిపోయేవారు. కొన్నాళ్ళకు పోతుందన్నాడు డాక్టరు. మిగతావన్నీ సర్దుకున్నాయి, కాఫీ ఒక్కటే సర్దుకోలేదు. ఒకరోజు నేను అల్లం చాయ్ మరిగించుకుంటుంటే గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. అడగడానికి అభిమానం. నేనే ఒక గ్లాసులో పోసి ఇచ్చి, అటు తిరిగాను. రెండో రోజు చక్కెర కొంచెం ఎక్కువ వెయ్యమన్నారు. మూడో రోజు, ఈ సంగతి రాజమండ్రిలో ఎవరికీ తెలియకూడదన్నారు.

ఇప్పుడు సూరత్‌లో తాజా కాఫీ గింజలకు కొదవ లేదు. వేయించిన తేదీ పొట్లం మీదే ముద్రిస్తారు. ఫోన్‌లో నొక్కితే పాలకంటే ముందు వస్తాయి. ఏ కొండ మీద పండాయో, నాలుక మీద ఏ పండు రుచి తగలాలో కూడా రాసి పంపుతారు. నేను తెప్పించుకుంటాను, తాగుతాను. నిజం చెప్పాలంటే అవి మా ఇంట్లో వేయించినవాటికంటే బాగుంటాయి. మూకుట్లో వేయిస్తే సగం మాడతాయి, సగం పచ్చిగా ఉంటాయి. పొట్టు ఇల్లంతా ఎగురుతుంది. ఇంట్లో వేయించుకోవడంలో ఏదో పుణ్యముందని చెప్పేవాళ్ళు పొట్టు ఊడ్చినవాళ్ళు కాదు. అయినా ఎప్పుడైనా సన్నబడే గింజల పొట్లం కొంటాను. కొట్టువాడు ప్రతిసారీ నన్ను పైనుంచి కిందికి చూసి, మందు పనిచెయ్యడం లేదనుకుంటాడు. పోయినేడు చలికాలంలో మా అత్తగారు పోయారు, కరోనాతో కాదు, వయసుతో, నిద్రలో. పొయ్యి దగ్గర నిలబడి ఇప్పుడు జొన్న రొట్టె, ఇప్పుడు నూలు గంజి అని చెప్పడానికి ఎవరూ లేరు గనుక, మనసులోనే అనుకుని దించేస్తాను.

ఆవిడ ఉన్నప్పటి ఒక సాయంత్రం మాత్రం చెప్పాలి. అప్పటికి రైళ్ళు నడుస్తున్నాయి, మా ఆయన ఇల్లు చేరారు. కాకినాడ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. అత్తగారు బాల్కనీలో కూర్చుని చాయ్ తాగుతున్నారు. చెవి సరిగా వినపడక స్పీకరు పెట్టుకున్నారు. యోగక్షేమాలయ్యాక ఆడపడుచు అడిగింది, అమ్మా, కాఫీకి ఇబ్బంది పడుతున్నావేమో, పొడి పంపనా అని. అత్తగారు గ్లాసులోకి చూశారు, నావైపు చూశారు.

"పొడి ఎందుకే. వదిన ఇక్కడ ఇంట్లోనే వేయిస్తోంది. దానికున్న ముక్కు నాకు కూడా లేదు. ఇప్పుడే తాగుతున్నాను, బ్రహ్మాండంగా ఉంది."

ఫోన్ పెట్టేసి, అడుగున మిగిలిన చాయ్ తాగేసి, ఇంకో అర గ్లాసు పొయ్యమన్నట్టు గ్లాసును నావైపు జరిపారు.